యుద్ధానంతర జపాన్ పతన సాహిత్యం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరసలో చదవాలి

"అనిమేలో దజాయ్ అనే పాత్ర నచ్చింది. అతను నిజంగా ఉన్న రచయితట కదా అని నో లాంగర్ హ్యూమన్ కొన్నాను. సగంలో ఆపేశాను. ఏం అర్థం కాలేదో కూడా అర్థం కాలేదు." కొంచెం అటూ ఇటూగా ఈ మాట నాతో చాలామంది అన్నారు. ఇంకొందరు ఒక్క రాత్రిలో పూర్తి చేసి, మూడు రోజులు దిగులుగా తిరిగి, ఇక జపాన్ పుస్తకాల జోలికే పోలేదు.

ఇద్దరి విషయంలోనూ జరిగింది ఒకటే: చివర చదవాల్సిన పుస్తకం ముందు చదివారు. అందుకే ఈ గైడ్.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయాక ఐదారేళ్ళలో వచ్చిన రచనలను, ఇంగ్లీషు అనువాదాల్లో చదవాలనుకునే తెలుగు పాఠకుల కోసం ఇది రాస్తున్నాను. దజాయ్ ఒసాము, సకగుచి అంగో, ఒదా సకునొసుకె, ఇషికవ జున్‌లను అక్కడ 'బురైహా' అంటారు. బురై అంటే కట్టూబాటూ లేనివాడు, ఒకరి అదుపులో ఉండనివాడు. వీళ్ళు కూర్చుని పెట్టుకున్న సంఘమేమీ లేదు, మ్యానిఫెస్టో అంతకన్నా లేదు. పేరు బయటివాళ్ళు తగిలించి ఖాయం చేసిందే.

1. పుస్తకం తెరిచే ముందు

ముందు మీ మనసు సంగతి చూసుకోండి. ఈ రచనల్లో ఆత్మహత్య మాటిమాటికీ వస్తుంది. రచయితల్లో కొందరి జీవితాలు కూడా అలాగే ముగిశాయి. ఈమధ్య నిద్ర సరిగ్గా పట్టడం లేదు, దేనిమీదా ఆసక్తి లేదు అనిపిస్తుంటే ఈ జాబితాను కొన్ని నెలలు పక్కన పెట్టండి, పుస్తకాలు ఎక్కడికీ పోవు. చదువుతుండగా బరువెక్కితే దగ్గరివాళ్ళతో మాట్లాడండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో కూడా మాట్లాడతారు.

తర్వాత పుస్తకం కొనడం. దజాయ్ 1948లో, అంగో 1955లో పోయారు. వాళ్ళ జపనీస్ మూలాల మీద అక్కడ కాపీరైట్ ఎప్పుడో ముగిసింది. అఒజొర బుంకొ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, జపనీస్ నేర్చుకుంటున్నవాళ్ళకు పనికొస్తుంది. దీనివల్ల ఒక చిక్కు కూడా ఉంది. మూలానికి హక్కుదారు లేడు కాబట్టి ఎవరైనా ఇంగ్లీషులోకి ఏదో ఒకలా దించేసి ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చు. అనువాదకుడి పేరు ఎక్కడా లేని పుస్తకం ఎంత చవకైనా కొనకండి.

కొనేటప్పుడు ఇవి సరిచూసుకోండి:

- ది సెట్టింగ్ సన్ (1956), నో లాంగర్ హ్యూమన్ (1958): రెండూ డొనాల్డ్ కీన్ అనువాదాలు. మొదటి చదువుకు ఇవి చాలు.
- ఎ షేమ్‌ఫుల్ లైఫ్ అనేది వేరే నవల కాదు. నో లాంగర్ హ్యూమన్‌కే మార్క్ గిబో 2018లో చేసిన కొత్త అనువాదం. తెలియక రెండూ కొనేవాళ్ళున్నారు.
- జపాన్‌లో ఇంటిపేరు ముందు వస్తుంది, మనలాగే. దజాయ్ ఇంటిపేరు, ఒసాము పేరు. ఇంగ్లీషు అట్టల మీద తిరగేస్తారు. సకగుచి అంగోను మాత్రం అందరూ 'అంగో' అనే అంటారు. వెతికేటప్పుడు రెండు రకాలుగానూ వెతకండి.
- మాంగా, అనిమే రూపాలు తర్వాత. అవి చూసి వచ్చారంటే సంతోషమే, కానీ వాటిలోని దజాయ్‌ని కాసేపు గుమ్మం బయట కూర్చోబెట్టండి.

2. ఒక చీటీ మీద తేదీలు రాసుకోండి

ఇది చరిత్ర పాఠం కాదు. బుక్‌మార్క్‌గా వాడుకునే చీటీ. కథ ఏ తేదీన నడుస్తోంది, ఏ తేదీన అచ్చయింది అన్న రెండు సంగతులు తెలియకపోతే ఈ రచనల్లో సగం ఎగిరిపోతుంది.

- 1945 మార్చి 10: టోక్యో మీద నిప్పుబాంబుల దాడి. ఒక్క రాత్రిలో దాదాపు లక్షమంది చనిపోయారు.
- 1945 ఆగస్టు 15, మధ్యాహ్నం: చక్రవర్తి గొంతు రేడియోలో. భాష గ్రాంథికం, రేడియోలో గరగర. చాలామందికి ఓడిపోయామన్న సంగతి పక్కవాళ్ళు చెబితే అర్థమైంది.
- 1946 జనవరి 1: తాను దేవుడి అవతారం కాదని చక్రవర్తి ప్రకటన.
- 1946 ఫిబ్రవరి: పాత నోట్లు రద్దు, బ్యాంకు డిపాజిట్ల మీద కట్టడి, కొత్త యెన్.
- 1946 ఏప్రిల్: అంగో వ్యాసం 'దరకురొన్'.
- 1947 మే 3: కొత్త రాజ్యాంగం అమల్లోకి. కులీనుల బిరుదులు పోయాయి.
- 1947 జూలై నుంచి అక్టోబర్: దజాయ్ 'షయో' (ది సెట్టింగ్ సన్) సీరియల్‌గా.
- 1948 జూన్ 13: దజాయ్ మరణం. 'నింగెన్ షిక్కకు' (నో లాంగర్ హ్యూమన్) పత్రికలో ఇంకా వస్తూనే ఉంది.
- 1952 ఏప్రిల్ 28: అమెరికా ఆధ్వర్యంలోని ఆక్రమణ పాలన ముగింపు.

నోట్లు మార్చుకోవడానికి తెల్లారకముందే క్యూ కట్టిన అనుభవం మనకూ ఉంది కాబట్టి నాలుగో తేదీని ఎవరూ మర్చిపోరు.

3. ఐదు మాటలు తెలిసి ఉంటే చాలు

క్యొదత్సు: మొదట వైద్యుల మాట, ఒళ్ళు పూర్తిగా నీరసించిపోవడం. ఓటమి తర్వాత దేశమంతటికీ అదే పేరు పెట్టారు.

యమిఇచి: బ్లాక్ మార్కెట్. రేషన్ మీద బతకడం కుదరని రోజులు. అడ్డదారి తిండి ముట్టనని పట్టుబట్టిన టోక్యో జడ్జి యమగుచి యొషితద 1947 అక్టోబర్‌లో తిండిలేక శుష్కించి చనిపోయాడు. చట్టాన్ని పాటిస్తే చావు, తప్పితే బతుకు. పాత్రలు బియ్యం కొనడం కూడా ఇక్కడ నీతి ప్రశ్నే అని గుర్తుపెట్టుకోండి.

కసుతొరి: నాసిరకం సారా. మూడు గ్లాసులకు మనిషి పడిపోతాడని పేరు. మూడు సంచికలకే మూతపడే చవక పత్రికలకూ అదే పేరు పెట్టారు.

దరకు: పతనం, దిగజారడం. దీని గురించి ఐదో అంచెలో.

షయోజొకు: 'పొద్దువాలిన జనం'. ఆస్తులు, హోదాలు పోయిన పెద్దింటివాళ్ళు. దజాయ్ నవల పేరునుంచే పుట్టిన మాట.

4. మొదటి కథ: తొకతొన్‌తొన్

1947 జనవరిలో వచ్చిన దజాయ్ చిన్న కథ ఇది. ఇంగ్లీషులో సుత్తి చప్పుడు అన్న అర్థం వచ్చే పేర్లతో కూడా కనిపిస్తుంది. నా మటుకు ఈ సాహిత్యం మొత్తానికి తాళంచెవి ఇదే. గంటలోపు అయిపోతుంది.

ఒక యువకుడు తనకిష్టమైన రచయితకు ఉత్తరం రాస్తున్నాడు. ఆగస్టు 15న బ్యారక్స్ మైదానంలో వరసగా నిలబడ్డారు. రేడియోలో ఏమీ వినపడలేదు. కుర్ర లెఫ్టినెంట్ ఒకడు వేదికెక్కి, లొంగిపోవడం రాజకీయం, మనం సైనికులం, చివరిదాకా పోరాడి ఆ తర్వాత అందరం ప్రాణాలిచ్చి చక్రవర్తికి క్షమాపణ చెప్పుకుందాం అన్నాడు. చావాల్సిందే అని ఈ కుర్రాడికీ అనిపించింది. ఒళ్ళు బిగుసుకుంది. సరిగ్గా అప్పుడు వెనక బ్యారక్స్ వైపునుంచి ఎవరో మేకు కొడుతున్న చప్పుడు, సన్నగా: తొక తొన్ తొన్.

అంతే. ఆవేశం మొత్తం పోయింది. దుఃఖం లేదు, కోపం లేదు, సిగ్గు కూడా లేదు. ఉత్త ఖాళీ.

తర్వాత ఊరికెళ్ళి పోస్టాఫీసులో చేరతాడు. నవల రాద్దామని కూర్చుంటాడు, ముగింపు దగ్గర అదే చప్పుడు. కొత్త యెన్ వచ్చిన రోజుల్లో కౌంటర్ దగ్గర పిచ్చిగా పనిచేస్తాడు, మళ్ళీ అదే చప్పుడు. ప్రేమలో పడబోతాడు, కార్మికుల ఊరేగింపు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, రిలే పరుగు చూసి కదిలిపోతాడు. ప్రతిసారీ ఎక్కడినుంచో మేకు కొట్టిన చప్పుడు, ప్రతిసారీ చప్పబడిపోవడం.

ఇక్కడినుంచి మీకు ఒక పనిముట్టు దొరికింది. దీన్ని నేను 'పెద్ద మాట, చిన్న చప్పుడు' అంటాను. చదివే ప్రతి రచనలోనూ రెండు వెతకండి. పాత్రలు పట్టుకుని వేలాడుతున్న పెద్ద మాట ఏమిటి: దేశం, వంశం, ప్రేమ, విప్లవం, కళ? దాని గాలి తీసేసే చిన్న వస్తువో శబ్దమో ఏమిటి? నోటుపుస్తకంలో పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు మాట, కుడివైపు చప్పుడు రాయండి. అంతకుమించిన సిద్ధాంతం మొదటి చదువుకు అక్కర్లేదు.

ఈ కథ చివర రెండు పేజీలు ఇంకోసారి చదవాలి. ఉత్తరం ముగిస్తూ ఆ కుర్రాడు, ఇందులో చాలావరకు అబద్ధమే అనిపిస్తోంది, ఆ అమ్మాయీ లేదు, ఊరేగింపూ చూడలేదు, ఆ చప్పుడు ఒక్కటి మాత్రం అబద్ధం కాదులా ఉంది అంటాడు. దానికి రచయిత నుంచి వచ్చే జవాబు క్లుప్తంగా, కటువుగా ఉంటుంది: నీది డాబు బాధ అన్నట్టు. కింద బైబిల్ వాక్యం ఒకటి. జాలిపడటానికి సిద్ధమైన పాఠకుడి గాలి కూడా తీసేశాడన్నమాట.

ఆ జవాబు న్యాయమైనదా, నిర్దయా? మీ అభిప్రాయం ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. ఎనిమిదో అంచెలో కావాలి.

5. రెండోది: అంగో వ్యాసం

'దరకురొన్' చిన్న వ్యాసం, ఇంగ్లీషులో డిస్కోర్స్ ఆన్ డెకడెన్స్. ఒక పూటలో అయిపోతుంది, కానీ రెండు పూటలు పెట్టుకోండి. పెన్సిల్ చేతిలో ఉండాలి.

మొదటి చదువులో అంగో ఏం చూశాడో దాని కింద గీతలు గీయండి. ఆరు నెలల్లోనే లోకం మారిపోయింది అంటాడు. పువ్వుల్లా రాలిపోతామన్న కుర్రాళ్ళలో బతికిపోయినవాళ్ళు బ్లాక్ మార్కెట్ చేస్తున్నారు. భర్తలను యుద్ధానికి పంపిన స్త్రీల మనసుల్లో కొత్త ముఖాలు మెదులుతున్నాయి. మనుషులు మారలేదు, మొదటినుంచీ మనుషులు ఇంతే, పైపొర మాత్రమే ఊడిపోయింది. ఇదీ అతని లెక్క.

రెండో చదువులో అతను ఏం చేయమంటున్నాడో గీయండి. యుద్ధంలో ఓడినందుకు మనిషి పతనం కావడం లేదు, మనిషి కాబట్టి పతనమవుతున్నాడు, బతికున్నాడు కాబట్టి పతనమవుతున్నాడు అంటాడు. పడాల్సినంతా పడు, అడుగున నిన్ను నువ్వు కనుక్కో. రాజకీయం వచ్చి నిన్ను బాగుచేస్తుందనుకోవడం పైపై మాట.

చాలామంది ఇక్కడితో ఆపేసి 'తాగు, తిరుగు, నాశనమవు అన్నాడు' అని తేల్చేస్తారు. అంగో మనిషిని అంతగా నమ్మడు. పూర్తిగా పడిపోవడానికి మనిషికి బలం చాలదు, అడుగుదాకా పోకముందే మళ్ళీ ఒక వీరధర్మాన్నో చక్రవర్తినో కల్పించుకుని పట్టుకుంటాడు అని కూడా అదే వ్యాసంలో ఉంది. నాకు భయం వేసేది ఆ వాక్యమే. అదే ఏడాది డిసెంబర్‌లో రాసిన రెండో భాగంలో ఇలాంటి ఏర్పాట్లను 'కరకురి' అంటాడు, లోపల మర ఉన్న బొమ్మ లాంటి యంత్రాంగం. అతని పతనం అంటే ఆ మరలోంచి బయటపడటం. సారా సీసా దానికి అవసరమూ కాదు, సరిపోదు కూడా.

సరిచూసుకోండి:

- 'పతనం' అన్న మాటకు అంగో అర్థం మీ సొంత తెలుగులో ఒక వాక్యంలో చెప్పగలుగుతున్నారా?
- యుద్ధంలోని విధ్వంసం తనకు అందంగా కనిపించిందని అతను ఒప్పుకునే చోటు గమనించారా? దాన్ని దాటేసి పోకండి. వ్యాసం నిజాయితీ అక్కడుంది.

6. మధ్యలో మూడు కథలు

వీటిని ఏ వరసలో చదివినా ఫర్వాలేదు.

యకెఅతొ నో ఇఎసు (శిథిలాల మధ్య ఏసు), ఇషికవ జున్, 1946. ఉఎనో బహిరంగ మార్కెట్ మూతపడటానికి ముందు రోజు, జూలై 31. ఎండ, దుమ్ము, అన్నం ముద్దలు అమ్మే అమ్మాయి, ఒంటినిండా పుళ్ళతో చిరిగిన గుడ్డల కుర్రవాడు. కథకుడికి ఆ కుర్రవాడిలో ఏసు కనిపిస్తాడు. ఇక్కడ పెద్ద మాట పేరులోనే ఉంది, చిన్న చప్పుడు అన్నం ముద్ద. కొరుకుడుపడని వాక్యాలుంటాయి, ఓపిక పట్టండి.

వియోఁస్ వైఫ్ (Villon's Wife), దజాయ్, 1947. విలన్స్ వైఫ్ అని చాలామంది చదివేస్తారు, అది వియోఁ, ఫ్రెంచి కవి పేరు. తాగుబోతు కవి ఒక చిన్న బారులో ఐదు వేల యెన్ ఎత్తుకొచ్చేస్తాడు. భార్య ఆ బారుకే వెళ్ళి పనికి కుదురుతుంది. కథ ఆమె చెబుతుంది. ఆమె మీద జరిగే అత్యాచారం ఇందులో ఉంది, చాలా తక్కువ మాటల్లో. తెలిసే చదవండి. చివర, పత్రికలో తనను మనిషే కాదన్నారని భర్త చెప్పుకుంటుంటే ఆమె, మనిషి కాకపోతే ఏమైంది, మనం బతికి ఉంటే చాలు అంటుంది. కవిగారి పెద్ద మాటకు ఇంటావిడ వేసిన మేకు.

హకుచి (ఇంగ్లీషులో ది ఇడియట్), అంగో, 1946. సినిమా కంపెనీలో పనిచేసే ఇజవ గదిలోకి మతి సరిగా లేని పొరుగింటి ఆమె వచ్చి దాక్కుంటుంది. బాంబులు పడుతున్న రాత్రి ఇద్దరూ పరుగెడతారు. ఆమెను రచయిత చూసే తీరు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా సినిమా కంపెనీ పేజీలు వదలొద్దు. దేశభక్తి మాటలు ఫ్యాక్టరీలో సరుకులా ఎలా తయారవుతాయో అక్కడ చూపిస్తాడు.

ఒదా సకునొసుకెను ఇష్టమైతే కలుపుకోండి. ఒసాకావాడు, 1947 జనవరిలో క్షయతో పోయాడు. గింజాలోని లుపాన్ అనే బారులో తీసిన అతని ఫొటో, దజాయ్ ఫొటో జగత్ప్రసిద్ధం. ఫొటో చూసి మురిసిపోయే ముందు అతని కథ ఒక్కటైనా చదవండి.

7. మొదటి నవల: ది సెట్టింగ్ సన్

మొదటి రెండు పేజీలు మెల్లగా. అమ్మ సూప్ తాగుతోంది. కూతురు కజుకొ చూస్తోంది. గిన్నె మీదికి వంగదు, కిటికీలోంచి చెట్లవైపు చూస్తూ చెంచాను పిట్ట రెక్కలా అలా ఆడించి పెదాల మధ్యకు ఒంపుకుంటుంది. చుక్క పడదు, చప్పుడు రాదు. నిజమైన కులీనురాలు అంటే అమ్మే, బిరుదులున్నవాళ్ళందరూ కాదు అనేది కొడుకు నవొజి మాట.

ఇప్పుడు ఆ సూప్ దేనితో చేశారో చూడండి. అమెరికా నుంచి రేషన్‌లో వచ్చిన డబ్బా బఠాణీలు. కజుకొ వాటిని వడగట్టి చేసింది. ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. వెయ్యేళ్ళ మర్యాద, గెలిచినవాడి డబ్బాతిండి, ఒకే చెంచాలో. ఈ బఠాణీలు కనపడ్డాయంటే మీకు పద్ధతి పట్టుబడినట్టే.

తర్వాత మూడు గొంతులను విడివిడిగా గుర్తుపెట్టుకోండి:

- కజుకొ చెప్పే కథ, ఆమె ఉత్తరాలు. ఉఎహర అనే రచయితకు రాసిన ఉత్తరాల చివర 'ఎం. సి.' అని ఉంటుంది. ఆ రెండక్షరాల అర్థం ఉత్తరం ఉత్తరానికీ మారుతుంది. మొదట 'మై చెహోవ్', తర్వాత 'మై చైల్డ్' (నా బిడ్డ), ఆఖర్న 'మై కమెడియన్'. మార్పు జరిగిన పేజీ నంబర్లు రాసుకోండి.
- నవొజి డైరీ, చివరి ఉత్తరం. మత్తుకు అలవాటుపడ్డ తమ్ముడు సామాన్యుల్లో కలిసిపోవాలని ముతకదనం నేర్చుకున్నాడు. అది పూర్తిగా వంటబట్టలేదు, పాతదానికి తిరిగి పోలేడు.
- తాగుబోతుల బృందం. 'గిలటిన్, గిలటిన్' అంటూ గ్లాసులు తాకించుకునే పాట. వాళ్ళు నవ్వుతున్నప్పుడు మీకు నవ్వు రాకపోతే సరిగ్గానే చదువుతున్నారు.

ఈ నవల వెనక ఒక స్త్రీ డైరీ ఉంది. ఓతా షిజుకొ రాసుకున్న డైరీని దజాయ్ తీసుకుని చాలావరకు వాడుకున్నాడు. 1947 నవంబర్‌లో ఆమెకు దజాయ్ వల్ల కూతురు పుట్టింది. ఇది గాసిప్‌గా చెప్పడం లేదు. కజుకొ గొంతు అంత సహజంగా ఎలా వచ్చిందని అందరూ మెచ్చుకుంటారు కదా, ఆ మెప్పులో ఎవరి వాటా ఎంతో తెలియాలి.

8. ఇప్పుడు నో లాంగర్ హ్యూమన్

ఇక్కడ నా పరువు పోయిన సంగతి చెప్పాలి. మొదటిసారి చదివి ఒక చదువరుల గోష్ఠిలో, ఓటమి తర్వాతి టోక్యో శూన్యాన్ని ఈ నవల ఎంత బాగా పట్టుకుందో అని పావుగంట మాట్లాడాను. ఒక పెద్దాయన నెమ్మదిగా, చివరి అధ్యాయంలో ఏ సంవత్సరాలని ఉంది బాబూ అని అడిగారు. తీసి చూస్తే 1930, 31, 32 ప్రాంతాలని స్పష్టంగా ఉంది. కథానాయకుడు యోజో పతనం యుద్ధానికి ముందే అయిపోయింది. పుస్తకం మాత్రం 1948లో వచ్చింది.

ఈ తేడానే అసలు విషయం. ఓటమి వల్ల చెడిపోయాం అని లోకమంతా అనుకుంటున్నప్పుడు దజాయ్ వెనక్కి వెళ్ళి, అంతా సవ్యంగా ఉందనుకున్న రోజుల్లోనే మనుషులకు భయపడి విదూషకుడి వేషం కట్టిన ఒకణ్ణి చూపించాడు. అంగో వ్యాసం ముందే చదవమన్నది ఇందుకే.

చదివే క్రమం:

- ముందుమాటలోని మూడు ఫొటోల వర్ణన చదివి ఆగండి. ఆ వర్ణన రాస్తున్నది యోజో కాదు. అతనంటే చిరాకున్న ఇంకో మనిషి.
- మూడు నోటుపుస్తకాలను మూడు రోజులు చదవండి. మూడోది పెద్దది, బరువైనది. రాత్రిపూట వద్దు.
- యోజో 'మనుషులు' అన్నప్పుడల్లా పక్కన చుక్క పెట్టండి. అదే ఇక్కడి పెద్ద మాట. మూలంలో పేరుకు అర్థం 'మనిషిగా అనర్హుడు', పరీక్షలోనో పోటీలోనో అనర్హుడని తేల్చినట్టు. ఇంగ్లీషు పేరులో ఆ తీర్పు వాసన పోయింది.
- నోటుపుస్తకాలు ముగిసేసరికి అతనికి ఇరవయ్యేడు, చూసేవాళ్ళకు నలభై దాటినట్టు ఉంటాడు.
- చివరి అధ్యాయంలో బారు యజమానురాలు అతని గురించి అనే ఆఖరి మాట మూలంలో 'దేవుడిలాంటి మంచి పిల్లాడు'. కీన్ దాన్ని దేవదూత చేశాడు. తనను మనిషే కాదని తేల్చుకున్నవాడి గురించి ఇంకొకరు చెప్పిన సాక్ష్యం అది.

ఆమెను నమ్మాలా, అతన్ని నమ్మాలా? తొకతొన్‌తొన్ దగ్గర మీరు రాసిపెట్టుకున్న వాక్యం తీయండి. అక్కడ రచయిత జవాబు మీకు నిర్దయగా అనిపించి ఉంటే, ఇక్కడ యోజో మాటలన్నీ అక్షరాలా నమ్మేసి ఉంటారు. న్యాయంగా అనిపించి ఉంటే యజమానురాలి వైపు మొగ్గుతారు. రెండు రకాలుగానూ ఒక్కోసారి చదవడమే మంచిది.

9. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

యోజో అంటే దజాయే అనుకోవడం. ఇద్దరికీ పోలికలున్నాయి: ఉత్తరాదిన పెద్ద భూస్వామి ఇల్లు, ప్రభావం ఉన్న తండ్రి, మత్తు, జంట ఆత్మహత్యాయత్నం. జపాన్‌లో 'నేను నవల' అనే సంప్రదాయమే ఉంది, పాఠకుడు పోల్చుకుంటాడని రచయితకు తెలుసు. తెలిసే ఆడుకుంటాడు. సర్దుబాటు: జీవితచరిత్ర నవల పూర్తయ్యాకే చదవండి. దజాయ్ ఈ నవల రాస్తున్నప్పుడు పెళ్ళాం పిల్లలున్న, గడువుకు కథలు అందిస్తున్న వృత్తి రచయిత అన్నది మర్చిపోకండి.

మరణాన్ని అందంగా చూడటం. దజాయ్ ఒక్కడే పోలేదు. యమజాకి తొమిఎ అనే స్త్రీ కూడా పోయింది. అంతకుముందు 1930లో జరిగిన ప్రయత్నంలో అమ్మాయి చనిపోయింది, అతను బతికాడు. రీల్స్‌లో సంగీతం పెట్టి తిప్పే కోట్స్‌లో వీళ్ళుండరు. సర్దుబాటు: ప్రతి రచన చివర, ఇందులో స్త్రీలకు ఏమైంది అని ఒక వరస రాయండి. అలా రాసుకున్న వరసలు పక్కపక్కన పెట్టి చూస్తే రచయితల మీద మీ అభిప్రాయం కొంత మారుతుంది, మారాలి కూడా.

కథలో అమెరికా సైనికులు లేరేమిటి అనుకోవడం. 1949 దాకా ఆక్రమణ అధికారుల సెన్సార్ ఉంది. యుద్ధానికి ముందు జపాన్ సెన్సార్‌లో తీసేసిన అక్షరాల చోట ఇంటూ గుర్తులు ఉండేవి, పాఠకుడికి తెలిసేది. కొత్త సెన్సార్ ఆ గుర్తులు కూడా ఉండకూడదంది. సెన్సార్ ఉందన్న మాటే అచ్చుకాకూడదు. సర్దుబాటు: కథలో సైనికులు కనపడకపోతే వాళ్ళ సరుకు కోసం వెతకండి. డబ్బాలు, సిగరెట్లు, చాక్లెట్లు. బఠాణీలు గుర్తున్నాయి కదా.

జపాన్ బాధ ఒక్కటే చూడటం. ఈ కథల్లో టోక్యో కాలిపోయింది, కానీ జపాన్ సైన్యం చైనాలో, కొరియాలో, ఫిలిప్పీన్స్‌లో చేసినవి దాదాపు కనపడవు. ఇది ఈ సాహిత్యంలోని పెద్ద లోటు. సర్దుబాటు: ఒఒక షోహెయ్ 'ఫైర్స్ ఆన్ ద ప్లెయిన్' కలపండి. ఫిలిప్పీన్స్‌లోని లెయ్తె దీవిలో ఓడిపోయి తిరిగే జపాన్ సైనికుడి కథ. హయషి ఫుమికొ 'ఫ్లోటింగ్ క్లౌడ్స్' కూడా. అందులో యుకికొకు సుఖంగా గడిచిన రోజులన్నీ జపాన్ ఆక్రమించిన ఇండోచైనాలోని దలాత్‌లో. ఓడిన టోక్యోలో ఆమె ఆ రోజులకోసం కొట్టుమిట్టాడుతుంది. ఎవరి నేల మీద ఆ సుఖం అని మనం అడగాలి.

వెంటనే మనవాటితో పోల్చడం. గోపీచంద్ సీతారామారావుతో యోజోను పోల్చనివాడు తెలుగు పాఠకుల్లో అరుదు. పోలిక తప్పు కాదు, తొందర తప్పు. సీతారామారావు ప్రతిదాన్నీ వాదించి వాదించి కూలిపోతాడు. యోజో వాదించడు, నవ్విస్తాడు. పోలిక రాయాలనుకుంటే ఆ తేడా దగ్గర మొదలుపెట్టండి.

10. ఎక్కడైనా ఆగిపోతే

పేర్లు కలిసిపోతున్నాయా? పుస్తకం వెనక ఖాళీ పేజీలో పేరు, వయసు, ఎవరికేమవుతారు రాసుకోండి. నాలుగు పేర్ల కన్నా ఎక్కువ అక్కర్లేదు.

విసుగొస్తోందా? షయోలో మధ్యభాగం, నవొజి డైరీ దగ్గర అందరికీ వస్తుంది. ఆ డైరీ ముక్కలు ముక్కలుగానే ఉండాలి. అర్థం కోసం గింజుకోకుండా ఒకేసారి పైకి చదివేయండి.

బరువెక్కిందా? ఆ వారం మానేసి దజాయ్ చివరి రచన 'గుడ్‌బై' చదవండి. అది హాస్యం. పదిమంది ప్రియురాళ్ళను వదిలించుకోవాలనుకున్న ఒక ఎడిటర్, భార్యగా నటించడానికి బ్లాక్ మార్కెట్ మూటలు మోసే కినుకొను మాట్లాడుకుంటాడు. చూస్తే రంభ, నోరు తెరిస్తే కాకి గొంతు, బస్తాలు అవలీలగా ఎత్తేస్తుంది, తిండికి అంతులేదు, బిల్లు అతనిది. కొన్ని అధ్యాయాలు రాసి దజాయ్ పోయాడు. కథ సగంలోనే ఆగిపోతుంది.